చెప్పుమన్న మాట

ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. నాది కాదు. ఒకామె ఇంకొకామెకు ఇయ్యమని నాకు అప్పజెప్పింది, నేను ఇయ్యలే. ఆ రోజు ఆ ఇద్దరి నడుమ జానెడు జాగనే ఉండె. ఆ జానెడు జాగల నిలబడే మింగేసిన. అప్పటి సంది అది అరగలే, బయటికి రాలే. తిన్నప్పుడు యాదికొస్తది. నవ్వినప్పుడు ఇంకా ఎక్కువ యాదికొస్తది.

నువ్వెవరో నాకు తెల్వదు. అందుకే నీకు చెప్తున్న. తెలిసినోళ్లకు చెప్తే నవ్వుతరు. నేను నోరు తెరిస్తే నవ్వించేటందుకే అని మా కాలనీల పేరు పడ్డది. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలె. నాకు పెంచి చెప్పే రోగమున్నది. తుమ్మితే తుఫానొచ్చిందని చెప్పే మనిషిని. ఇక్కడ కూడా పెంచుత, నాకు తెల్సు. పెంచిన కాడ మళ్ల నేనే దించుత. జెర ఓపిక పట్టు.

పటాన్‌చెరు దాటి లోపటికి పోతే మందుల కంపెనీలున్నయి కద, అండ్ల ఒకదాంట్ల నేను స్టోరు చూసేటోన్ని. నేను రాంది ఆ కంపెనీ గేటు తెరుచుకునేది కాదు.

చూసినవా, మొదలుపెట్టిన. గేటు తెరిచేటందుకు వాచ్‌మన్ ఉండె. నేను స్టోరుల డ్రమ్ములు అటుదిటు పెట్టిపిచ్చేటోన్ని, అంతే. కాని నాకు ఇంగ్లీషు వచ్చని పేరు. ఆ ఇంగ్లీషు ఎక్కడిదో ఇప్పటిదాంక ఎవ్వలకు చెప్పలే. డ్రమ్ముల మీద అతికిచ్చిన చీటీలది. హ్యాండిల్ విత్ కేర్. కీప్ అవే ఫ్రమ్ ఫైర్. దిస్ సైడ్ అప్. ఈ ముక్కల్ని సందు చూసుకొని, మెడ కొంచెం పక్కకు వంచి వాడితే చాలు, చదువురాని జనం నడుమ రాజ్యమేలొచ్చు. ఒక పెండ్లిల పెద్దమనుషులు అంగి గల్లాలు పట్టుకుంటుంటే నడుమల పోయి "హ్యాండిల్ విత్ కేర్!" అని ఒక్క కేక పెట్టిన. అందరు సప్పుడు చెయ్యకుండ కూసున్నరు. ఇది పెంచింది కాదు, నిజంగ అయింది.

అప్పటిసంది ఇంగ్లీషు సారునైన. గోలీల డబ్బాలు, కరెంటాఫీసు నోటీసులు, అన్ని నా దగ్గరికే. తెలిసింది చెప్పేటోన్ని. తెల్వంది అల్లి చెప్పేటోన్ని. ఎక్కువసార్లు ఎవ్వలకు ఏం కాలే. ఏం కాకపోతే మనిషి ఏమనుకుంటడు? తను అల్లిందంత నిజమే అనుకుంటడు.

మా దిక్కు సంగతి ఇంకొకటి నీకు తెల్వాలె. లోకమంత ఆదివారం సెలవు. మాకు కాదు. కరెంటు సరిపోక ఒక్కొక్క దిక్కు కంపెనీలకు ఒక్కొక్క వారం బందు పెట్టేటోళ్లు. మా కంపెనీకి మంగళవారం. ఊరంత ఆదివారం కూర వండుకుంటే మేము మంగళవారం వండుకునేది. మంగళారం నాడు మాంసమేందని ఊర్లకెల్లి వచ్చిన అత్తలు లొల్లి చేసేటోళ్లు. నేను "మనకు గిదే ఆదివారం, దేవునికి నేను చెప్పిపెట్టిన" అంటుంటి.

మొగులమ్మది జిన్నారం దిక్కు ఊరు. మొగడు బాలయ్య మా కంపెనీల లోడింగు చేసేటోడు. ఆమె ప్యాకింగుల కాంట్రాక్టు కూలి. మొదట్ల ఊరికెల్లే పనికి వచ్చిపోయేటోళ్లు, ఎనభైల చివర మా ఇండ్ల లైనుల కిరాయికొచ్చిన్రు. నన్ను అన్న అని పిలిచేది. రాఖీ పున్నానికి దారం కట్టేది. ఒక్కడే కొడుకు, నర్సింలు. అప్పుడు వాడికి నాలుగేండ్లుంటయేమో.

వాడు అందరి పిల్లల లెక్క కాదు. పిలిస్తే చూడడు. చూసినా మన కండ్లల్ల చూడడు, మన చెవి పక్కన ఏదో ఉన్నట్టు అటు చూస్తడు. మునివేళ్ల మీద నడుస్తడు. మాట రాదు. కంపెనీ సైరన్ మోగితే రెండు చెవులు మూసుకొని గోడకు తల కొట్టుకుంటడు. వాడికి లోకంల కావల్సింది ఒక్కటే, డ్రమ్ము మూత. నేనే ఒకటి పనికిరాంది తెచ్చిచ్చిన. దాన్ని అంచు మీద నిలబెట్టి తిప్పేటోడు. అది గిర్రున తిరిగి, తిరిగి, కిందికి వాలి, గలగలమని ఆగేదాంక పక్కన పండుకొని చూసేటోడు. మళ్ల తిప్పేటోడు. పొద్దుగూకేదాంక గదే పని.

చెవుడన్నరు కొందరు. చెవుడోడు సైరన్‌కు ఎందుకేడుస్తడని ఒక్కరన్న అడగలే. గాలి సోకిందన్నరు. మొగులమ్మ తిరగని జాగ లేదు. దర్గాల తాయెత్తు కట్టిచ్చింది. రోడ్డు మీది ప్రైవేటు డాక్టరు ఒకాయన ఫిట్స్ గోలీలిచ్చిండు, వాటితోటి పిల్లగాడు లాలాజలం కార్చుకుంట మత్తుల పడి ఉండేటోడు. ఇంకో దవాఖానల బలానికి టానిక్ రాసిన్రు. పిల్లల మనసుకు డాక్టరుంటడన్న సంగతి మా ఏరియాల ఎవ్వలకు తెల్వదు. తెలిసినా ఇక్కడ ఎవలున్నరు? మందులు తయారు చేసే కంపెనీలు వరుసగా ఉన్నయి, దేశదేశాలకు గోలీలు పోతున్నయి, ఈ పిల్లగానికి ఏమైందో చెప్పే మనిషి ఒక్కరు లేకుండె.

బాలయ్య తల్లి ఊర్లకెల్లి వచ్చినప్పుడల్ల ఒక్కటే మాట. "కడుపుతోటి ఉన్నప్పుడు గ్రహణం నాడు కూరగాయలు కోసింది ఈమె. ఆ మందు పొడి పీల్చుకుంట పనికి పోయింది. ఈమె చేసుకున్నదే." మొగులమ్మ తల వంచుకొని వినేది. వినీ వినీ తనే అనుడు మొదలుపెట్టింది. నేను చేసుకున్నదే అన్న, అని.

చెరువు నీళ్ల రంగు మారిందని ఊరోళ్లు లొల్లి చేసినంక మా మేనేజరు హెల్త్ క్యాంపు పెట్టిచ్చిండు. హైదరాబాద్ నుంచి మూడు బస్సుల నిండ డాక్టర్లు దిగిన్రు. వేలమంది జనం.

లేదు. ఒక్క వ్యాను. అండ్ల ముగ్గురు. జనం కూడా మా రెండు లైన్లోళ్లు, పక్క ఊరోళ్లు కొంతమంది. ఆ ముగ్గురిల ఒకామె పిల్లల డాక్టరు. ఎక్కడో ఉత్తరాది మనిషి, ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు రాదు. మేనేజరు నన్ను పిలిచి, "నీకు ఇంగ్లీషు వస్తదంట కద, ఆమె పక్కన నిలబడు" అన్నడు. తెల్లంగి తొడుక్కొని, జేబుల పెన్ను పెట్టుకొని నిలబడ్డ. అంతకుమునుపు నాకు అంత గొప్ప రోజు రాలే.

దగ్గు, జ్వరం, గజ్జి, ఇవన్ని తేలికనే. చెయ్యితోటి చూపిస్తే ఆమెకే అర్థమయ్యేది. లైనుల నిలబడ్డ సాయమ్మ అనే ముసలామె అరిసింది, "ఓ ఇంగ్లీషు సారూ! నా మోకాళ్లల్ల నొప్పులు తెలుగు నొప్పులే, జెర ఇంగ్లీషుల మార్చి చెప్పు బిడ్డా!" లైనంత నవ్వు. నేను మీసం దువ్విన.

లైనుల సాయమ్మ ముంగటనే మొగులమ్మ, చంకల నర్సింలు, వాని చేతిల మూత.

డాక్టరమ్మ వాన్ని బల్ల మీద పెట్టలే. తనే కుర్చీ దిగి నేల మీద కూసున్నది. మూత తీసుకొని తను ఒకసారి తిప్పింది. వాడు చూసిండు. మళ్ల తిప్పింది. వాడు మెల్లగ తల లేపి ఆమె మొకం దిక్కు చూసిండు. ఒక్క గడియనే. కాని వాడు మనిషి మొకాన్ని అట్ల చూసుడు నేనెరిగి అదే మొదటిసారి. మొగులమ్మ కూడా చూసింది. కొంగు నోట్ల కుక్కుకున్నది.

తర్వాత డాక్టరమ్మ లేచి నా దిక్కు తిరిగి ఇంగ్లీషుల మాట్లాడింది. చాలాసేపు. డ్రమ్ముల మీద లేని ఇంగ్లీషు అది. అండ్లకెల్లి ఒక్క మాట నాకు చిక్కింది, ఆమె రెండుసార్లు అన్నది కాబట్టి. ఆటిజం.

"ఏమన్నదన్న?" అన్నది మొగులమ్మ.

లైనంత నన్నే చూస్తున్నది.

"ఆట" అన్న.

"ఆటనా?"

"ఆటేనట చెల్లె. పోరడు ఆటల మునిగిండట. అండ్లకెల్లి బయటికొస్తలేడట. బుద్ధి తెలిస్తే అదే తగ్గుతదట. ఫికర్ లేదు."

"గింతేనా!" సాయమ్మ చప్పట్లు కొట్టింది. "గాలి లేదు, గీలి లేదు. ఆటోడా నువ్వు! మీ అమ్మను గింత పరేషాన్ చేస్తివి కదరా ఆటోడా!"

అందరు నవ్విన్రు. మొగులమ్మ కూడా నవ్వింది. ఎంత రోజులకు నవ్విందో. ఆ గడియ నుంచి వాడి పేరు ఆటోడు. నర్సింలు అంటే ఇప్పుడు కాలనీల ఎవ్వలకు తెల్వదు. కొత్తగా వచ్చినోళ్లు వాడు ఆటో నడుపుతడేమో అనుకుంటరు.

ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న కథ ఇదే, ఇక్కడిదాంకనే. తెల్వని మాట, తెల్వక తప్పు చెప్పిన. తెల్వక చేసింది తప్పెట్లయితది? నీకు కూడా ఇక్కడే ఆపుదామనుకున్న. చుక్క పెట్టి, పెన్ను మూసి, లేచి అంగడి దాంక పోయొచ్చిన కూడా. అంగట్ల ఎవడో "ఇంగ్లీషు సార్, ఎట్లున్నరు" అన్నడు. తిరిగొచ్చి మళ్ల కూసున్న.

ఆపొద్దు. అసలుది ఇప్పుడున్నది.

డాక్టరమ్మ మొద్దు మనిషి కాదు. తను అంతసేపు చెప్తే నేను గింతల ముగించిన. జనం నవ్విన్రు. ఏదో పొరపాటైందని ఆమెకు తెల్సింది. నా మోచెయ్యి పట్టి తన దిక్కు తిప్పుకొని, ఈసారి హిందీల చెప్పింది. మెల్లగ, ఒక్కొక్క మాట ఆగి ఆగి.

హిందీ నాకు రాదనుకుంటున్నవా? లారీ డ్రైవర్లతోటి రోజంత హిందీలనే తిట్టుకునేటోన్ని. ఆమె చెప్పిన ప్రతి అక్షరం నాకు అర్థమైంది. ఇది పిచ్చి కాదు, చెవుడు కాదు, గాలి కాదు. పుట్టుకతోనే ఈ పిల్లవాడి మనసు నడిచే తొవ్వ వేరు. చిన్నప్పుడే మొదలుపెడితే చాలా నేర్చుకుంటడు, ఆలస్యం చెయ్యొద్దు. సిటీల పిల్లల దవాఖానల నేను మంగళవారం మంగళవారం కూసుంట, తీసుకురమ్మను, ఇంట్ల ఎట్ల నేర్పాల్నో తల్లికి నేను చూపిస్త. అని, చివరికి మొగులమ్మ దిక్కు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నది, "మా కీ కోయీ గల్తీ నహీ. జరూర్ బతానా."

తల్లి తప్పేం లేదు. ఈ మాట తప్పకుండ చెప్పు.

నేను తల ఊపిన. ఆమెకు నమ్మకం కుదరలేదేమో, నా చెయ్యి వదల్లే. "జరూర్ బతానా" అన్నది మళ్ల. మా కాళ్ల కాడ నర్సింలు మూత తిప్పుతున్నడు.

"ఇంకేమన్న చెప్పిందా అన్న?" అని మొగులమ్మ అడిగింది.

"ఏం లేదు. మంచిగ తినపెట్టుమన్నది."

ఎందుకన్న అట్ల? నన్ను నేను ఎన్నిసార్లు అడిగిననో. ఆమె మీద నాకేమన్న పగనా? లేదు. భయమా? ఎవలకు? దేనికోసం? ఎంత తోడినా చేతికి తగిలేది ఒక్కటే. "ఆట" అని అప్పటికే అనేసిన. మళ్ల తిరిగి ఆట కాదు, వేరే అని చెప్తే సాయమ్మ అంటది, ఏందిరో, నీకు ఇంగ్లీషు రాదా? లైనంత నవ్వుతది. ఈసారి నా మీద. అంతే. ఇంతకంటె పెద్ద కారణం ఏదన్న ఉంటే బాగుండేది. అంత పెద్ద తప్పుకు గింత చిన్న కారణమా అని సిగ్గయితది. కాని ఇంకోటి దొరకలే, ఎంత వెతికినా.

కొన్ని రోజులకు ఒక పొద్దుగాల మొగులమ్మ ఉరుక్కుంట వచ్చింది. నేను అరుగు మీద బీడీ ముట్టిస్తున్న.

"అన్నా! మావోడు మాట్లాడిండు!"

"అమ్మా అన్నడా?"

"అనలే. హిందీల మాట్లాడిండు! గా మూత తిప్పుకుంట, 'జరూర్ బతానా, జరూర్ బతానా' అంటుండు. అచ్చం ఆడమనిషి గొంతు లెక్క. ఏందన్న అది?"

ఆరిపోయిన బీడీని మళ్ల ముట్టిచ్చిన.

"టీవీలది" అన్న.

"మాకు టీవీ ఏడున్నది?"

"పక్కింట్ల లేదా? గోడలకెల్లి వినొస్తది. సబ్బుల గురించి వస్తది చూడు, అండ్ల మాట."

"అర్థమేందన్న?"

చెప్పొచ్చు. ఇప్పుడు లైన్ లేదు, సాయమ్మ లేదు, నవ్వేటోళ్లు లేరు. నేను, ఆమె, అరుగు. దేవుడు నాకు మళ్లొకసారి తలుపు తెరిచి పట్టుకున్నడు. నేనేం చేసిననో తెల్సా? చమత్కారం చేసిన.

"బతానా అంటే తానమే. జరూర్ బతానా అంటే తప్పకుండ తానం చెయ్యాలె అని. నీ కొడుకు తానం అడుగుతుండు. పోయి నీళ్లు పొయ్యి."

ఎంత సంబురంగ పోయిందనుకున్నవు. ఆ రోజు సంది వాడు ఆ మాట అన్నప్పుడల్ల మొగులమ్మ వాని మీద నీళ్లు పోసేది. వాడికి తల మీద నీళ్లు పడితే ప్రాణం పోయినట్టయితది. కేకలు పెట్టేటోడు. "నువ్వే అడిగితివి కదరా, మళ్ల ఏడుస్తవేందిరా" అనుకుంట పోసేది. చలికాలంల కూడా. వాని కేకలు మా ఇంటిదాంక వినొచ్చేటివి. నేను రేడియో పెట్టుకుంటుంటి.

చెప్పినా పోకపోవు, అని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్న. సిటీకి రెండు బస్సులు మారాలె. రోజు కూలి పోతది. ఒక్క వారంతోటి అయ్యేది కాదు. అంత దూరం, అంత పెద్ద సిటీల, ఆ ఒక్క డాక్టరమ్మ. ఆమె కూడా ఎక్కడికన్న పోతే? కూలోళ్ల పిల్లగానికి ఎవరు నేర్పుతరు? ఇవన్ని అబద్ధాలు కావు. నిజంగనే ఏం లేకుండె. కాని నిజాలన్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి ఎన్కకు పోయి నేను దాక్కున్న. పోవాల్నా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలె. నేను తేల్చేసిన.

బడిల రెండు రోజులకే వద్దన్నరు. బాలయ్యకు ఇంకో పిల్లగాడు కావాలె. మొగులమ్మ ఒప్పుకోలే. "నా కడుపుల్నే ఏదో ఉన్నదన్న, ఇంకొక పానాన్ని నాశనం చెయ్యాల్నా?" అని నాతోటి అన్నది. నాతోటే! బాలయ్య కొన్నేండ్లకు ఊర్ల ఇంకొకామెను చేసుకొని అటే ఉండిపోయిండు. మొగులమ్మ డ్యూటీకి పోతే వాన్ని మంచానికి కట్టేసి పోయేది. లేకపోతే రోడ్డు మీదికి పోతడు, లారీలు. కట్టేసేటప్పుడు వాని కాలికి తాడు ఒరుసుకోకుండ పాత చీర చుట్టేది. నేను చూసేటోన్ని. తల తిప్పుకొని, ఎవ్వడన్న కనపడితే ఒక జోకు చెప్పేటోన్ని.

ఒక సంవత్సరం వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపు పెట్టిన్రు. చెవిటా, గుడ్డా, కుంటా అని అడిగిన్రట. ఏదీ కాదు అన్నదట మొగులమ్మ. మరెందుకొచ్చినవన్నరట. ఇంటికొచ్చి నాకు చెప్పి, "ఏదీ కాకపోతే మావోడు ఏందన్న మరి?" అన్నది. నాకు తెల్సు. ఆ పేరు నా నోట్ల ఉన్నది.

రెండు వేల సంవత్సరం దాటినంక మా పక్క వీధికి కోస్తా దిక్కు నుంచి ఒక ఫ్యామిలీ వచ్చింది. ఆయన గవర్నమెంటు ఫ్యాక్టరీల ఫోర్‌మన్. ఏడేండ్ల బిడ్డ. మునివేళ్ల మీద నడుస్తది. చెవి పక్కకు చూస్తది. హోటల్ల ఆయన పక్కన కూసొని అడిగిన, బిడ్డకేందని.

"ఆటిజం అండి. మీరు వినుండరు."

"విన్న" అన్న.

ఆయన ఆశ్చర్యపోయిండు. వారానికోసారి సిటీకి తీసుకుపోతరట. భార్య ఉద్యోగం మానేసిందట. "ఈ చుట్టుపక్కల ఏమీ లేదండి. పేరు చెప్పినా డాక్టర్లే మళ్లీ అడుగుతారు. నాలుగేళ్లప్పుడు ఒకరు చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఏమైపోయేవాళ్లమో" అన్నడు. అంతల్నే ఆ బిడ్డ ఆయన చొక్కా పట్టుకొని గుంజింది. మొకం చూడకుండనే, "నాన్నా, నీళ్లు కావాలి" అన్నది. స్పష్టంగ. నీళ్లు కావాలంటే నీళ్లు కావాలి అన్నది. మావోడు నీళ్లు వద్దని కేకలు పెట్టి పెట్టి, ఆ రెండు మాటలు తప్ప ఇంకోటి రాక, పెద్దోడైండు.

ఆ రోజన్న పోయి చెప్పిననా? లేదు. ఆలస్యమైంది కద, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్న. ఇంకా ఏండ్లు పోయినయి. ఆలస్యమైందన్నది కూడా భలే సాకు. రోజు రోజుకు ఇంకా నిజమైతది.

పోయిన నెల మొగులమ్మ రమ్మని కబురు పంపింది. ఆమెకు ఛాతి మంచిగుంటలేదు. ఇరవై దాటిన మనిషిని పట్టుకునే బలం లేదు. సిటీల ఇట్లాంటోళ్లను చూసుకునే ఆశ్రమం ఒకటి ఉన్నదట, వాళ్లతోటి ఫోన్ల మాట్లాడి పెట్టుమన్నది. నర్సింలు గోడ పక్కన పండుకొని మూత చూస్తున్నడు. అదే మూత కాదు, ఎన్నో మారినయి. గడ్డం వచ్చింది వానికి.

"నేను పోయినంక వాన్ని ఎవలు చూస్తరన్న" అన్నది. "నేను చేసుకున్న తప్పుకు వాడు అనుభవిస్తుండు. కడుపుల ఉన్నప్పుడే—"

మూత గలగలమని ఆగింది.

"జరూర్ బతానా" అన్నడు నర్సింలు. డాక్టరమ్మ గొంతు. ఇప్పటికీ అదే గొంతు, అదే జాగల ఆగుడు.

నోరు తెరిచిన. అలవాటు కొద్ది ఏదో నవ్వించే మాటే వచ్చింది ముందు. దాన్ని మింగిన. మింగుడు నాకు వచ్చు కద.

"మొగులమ్మా, అది టీవీల మాట కాదు."

మొత్తం చెప్పిన. క్యాంపు, నేల మీద కూసున్న డాక్టరమ్మ, ఇంగ్లీషు నాకు రాకపోవుడు, హిందీ మంచిగ వచ్చుడు. ఆమె చెప్పింది ఒక్కొక్క మాట తెలుగుల పెట్టిన. ఒక్క ముక్క పెంచలే. నా బతుకుల పెంచకుండ చెప్పింది అదొక్కటే. చివరికి, "తల్లి తప్పేం లేదు, తప్పకుండ చెప్పుమన్నది" అన్న.

ఆమె నన్ను తిట్టలే. ఏడవలే.

"బతానా అంటే తానం కాదని నాకెప్పుడో తెల్సన్న" అన్నది. "బిహారోళ్లతోటి పని చేస్తే హిందీ రాదా? చెప్పుడు అని తెల్సింది. నీళ్లు పోసుడు బంద్ పెట్టిన. ఏం చెప్పాల్నో వాడే ఎన్నడన్న చెప్తడని చూసిన. పక్కన కూసొని అడిగేదాన్ని, ఏం చెప్పాలె బిడ్డా, ఎవలకు చెప్పాలె అని."

మొకం లేపి నా దిక్కు తిరిగింది.

"ఏ వారం రమ్మన్నదామె?"

"మంగళవారం."

వేళ్ల మీద ఏదో చూసుకున్నట్టు చేసింది. తర్వాత మామూలుగ, కూర ఉప్పు సంగతి చెప్పినట్టు అన్నది.

"మంగళారం మనకు సెలవే ఉండె గదన్న."

నేను ఇన్నేండ్లు కట్టుకున్న గోడ ఆ ఒక్క మాటకు పోయింది. కూలి పోతది, డ్యూటీ పోతది. ఏ డ్యూటీ? మంగళారం నాడు నేనే కల్లు కాంపౌండుల కూసొని దేవునికి చెప్పిపెట్టిన అని జోకులు వేసేటోన్ని. అది నాకు ఒక్కసారి కూడా తట్టలే. తట్టలేదా, తట్టనియ్యలేదా? ఇప్పటికీ తెల్వదు నాకు.

కూసోమనలే. పొమ్మనలే. ఆశ్రమం సంగతి మళ్ల ఎత్తలే. లేచి పోయి, కొడుకు తల కాడ కూసొని, వాని జుట్టుల చెయ్యి పెట్టబోయి, వానికి ఇష్టముండదని ఆపుకొని, పక్కన నేల మీద పెట్టింది ఆ చెయ్యి. "నా తప్పేం లేదట బిడ్డా" అన్నది. నాకు వినిపియ్యాలని కాదు. నేను చెప్పులు చేతిల పట్టుకొని బయటికొచ్చిన. ఈసారి రాఖీ పున్నానికి ఆమె రాలే. వస్తదని నేను చూడలే కూడా. చూసిన. అబద్ధమెందుకు, పొద్దటి సంది వాకిట్లనే కూసున్న.

కాలనీల ఇంకా వాన్ని ఆటోడనే పిలుస్తరు. ఆ పేరు ఎక్కడిదో ఎవ్వలకు యాదిలేదు. అందుకే నీకు రాసిన. క్షమించుమని నిన్ను అడుగుతలేను, అది నీ చేతిల లేదు. ఆమె చేతిల ఉన్నది, ఆమెను అడిగే మొకం నాకు లేదు.

వాడికి మాత్రం నేను చెప్పేసిన సంగతి తెల్వదు. మొన్న కూడా వాళ్ల వాకిలి ముంగట నుంచి పోతుంటే మూత ఆగింది. "జరూర్ బతానా" అన్నడు. ఇదివరకు ఆ మాట వినపడితే అడుగు జల్దీ వేసేటోన్ని. మొన్న ఆగిన.

"చెప్పిన బిడ్డా" అన్న.

వాడు నా చెవి పక్కకు చూసిండు. మళ్ల మూత తిప్పిండు.